సీల్ తుమ్మింది, కన్ను ఎర్రబడింది

1979 డిసెంబరు నుంచి పది నెలలపాటు అమెరికా ఈశాన్య తీరంలో హార్బర్ సీళ్లు న్యుమోనియాతో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మొత్తం 400కు పైనే. ఆ జబ్బు సంగతి తేల్చే పనిలో ఉన్న ఒకాయన మొహమ్మీద ఓ సీల్ తుమ్మింది. తుంపర కంట్లో పడింది. రెండు రోజుల్లో కన్ను ఎర్రబడి వాచింది. ఆ కంట్లోంచి తీసిన తడిలో ఫ్లూ వైరస్ బతికే ఉంది! దాని వంశం విప్పి చూస్తే అచ్చంగా పక్షులది.

ఫ్లూ అంటే ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు అనుకుంటూ వచ్చిన నాకు ఈ కన్ను సంగతి తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. పక్షి నుంచి సీల్‌కు, సీల్ నుంచి మనిషికి వచ్చింది సరే. వచ్చి కంట్లోనే ఎందుకు కూర్చుంది?

దీనికి జవాబు మొదలయ్యేది ఓ కోడిగుడ్డులో. 1941లో న్యూయార్క్‌లో జార్జ్ హర్స్ట్ అనే శాస్త్రవేత్త, ఫ్లూ వైరస్ ఎక్కించి పొదిగించిన గుడ్లలోంచి నీరు తీస్తున్నాడు. చేయి తగిలి లోపలి పిండం రక్తనాళం ఒకటి తెగింది. నెత్తురు ఆ నీటిలో కలిసింది. పాడైందని పారబోయాల్సిన గుడ్డే. కానీ ఆయన చూపు అక్కడే ఆగింది. ఎర్రకణాలు విడివిడిగా తేలకుండా ఒకదానికొకటి అంటుకుని గడ్డలు కట్టాయి. వైరస్ ఒంటిమీది ముళ్లే వాటిని పట్టి కూర్చాయని తేలింది. హెచ్5ఎన్1 అని ఇవాళ పేపర్లలో చూసే పేరులో ఆ ‘హెచ్’ ఈ ముల్లుదే. ‘ఎన్’ ఇంకో ముల్లుది. కణంలో పుట్టిన కొత్త వైరస్‌లు బయటపడేలా పట్టు కోసేది అది.

‘హెచ్’ ముల్లు పట్టుకునేది కణం మీద తోకలా వేలాడే సియాలిక్ ఆమ్లాన్ని. చక్కెర జాతి పదార్థమది. పక్కనున్న చక్కెరకు అది అతుక్కునే తీరులు రెండు. బాతు పేగుల్లో ఒక తీరు ఉంటుంది. మనిషి ముక్కులో, గొంతులో ఎక్కువగా రెండోది. అందుకే పక్షుల ఫ్లూకు మన గొంతులో పట్టు చిక్కదు. అయితే మన ఊపిరితిత్తుల అట్టడుగున, కంటి పొర మీద బాతు తీరు తోకలే ఉన్నాయి. సీల్ తుమ్మినప్పుడు వైరస్‌కు ఆ కంట్లో పుట్టింటి గడప దొరికింది. ఇక పంది గొంతులో రెండు తీరులూ ఉన్నాయి. పక్షి వైరస్, మనిషి వైరస్ ఒకే కణంలో దిగితే, ఎనిమిదేసి ముక్కలుగా ఉన్న వాటి జన్యువులు కలగలిసి మూడోది పుట్టొచ్చు.

ఇంతకీ పక్షుల్లో ఈ జబ్బును మొదట గుర్తుపట్టింది ఎవరు? 1878లో ఇటలీలో ఎదోర్దో పెరోంచీతో కోళ్ల మందలను ఊడ్చేస్తున్న తెగులును వర్ణించాడు. 1901లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో కోళ్ల ప్రదర్శన జరుగుతుండగా తెగులు కనబడింది. నిర్వాహకులు భయపడి ప్రదర్శన మధ్యలోనే ఆపి, ఎవరి కోళ్లను వాళ్లకిచ్చి పంపేశారు. ఆ బుట్టలతోపాటే తెగులు దేశమంతా పాకింది. అది ఫ్లూ వైరసేనని వెర్నర్ షేఫర్ తేల్చేసరికి 1955 వచ్చింది. ఈలోగా దానికీ మన కొక్కెర తెగులుకూ తేడా తెలియని కాలం చాలానే గడిచింది.

నాకు ప్రాణమైన ఘట్టం అసలు ఇక్కడే మొదలవుతుంది. 1960ల చివర్లో ఆస్ట్రేలియా తీరంలో ఫ్లూ మీద పనిచేసే ఇద్దరు స్నేహితులు ఇసుకలో నడుస్తున్నారు. ఒకరు న్యూజిలాండ్ నుంచి వచ్చిన రాబర్ట్ వెబ్‌స్టర్, రెండోవారు గ్రేమ్ లేవర్. పది పదిహేను గజాలకొకటి చొప్పున అలలు తెచ్చి పడేసిన మటన్‌బర్డ్ కళేబరాలు. వేల మైళ్లు ఎగిరి వచ్చే సముద్రపక్షి అది. తుఫానుకో ఆకలికో చచ్చాయిలే అని ఎవరైనా దాటిపోతారు. వీళ్లకు 1961లో దక్షిణాఫ్రికా తీరంలో ఫ్లూతో గుంపుగా చచ్చిన టెర్న్ పక్షులు గుర్తొచ్చాయి. ఇవీ ఫ్లూతోనే చచ్చాయా? నడక ఆగింది. ఒక జీవితకాలపు పని మొదలైంది.

డబ్బుకోసం తిరిగారు. చివరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 500 డాలర్లు ఇచ్చింది. గ్రేట్ బారియర్ రీఫ్‌లోని ట్రయాన్ దీవికి వెళ్లారు. మటన్‌బర్డ్‌లు అక్కడ ఇసుకలో బొరియలు తవ్వి గూళ్లు పెడతాయి. పక్షిని పట్టుకోవడం, గొంతులో దూదిపుల్ల తిప్పడం, కాస్త నెత్తురు తీసి వదిలేయడం, మళ్లీ ఇంకోదాన్ని పట్టడం. ఎండ, ఇసుక, రెట్టల వాసన. చేతుల్లోకి వచ్చిన ఇన్ని పక్షుల్లో రోగిష్టిది లేదు. అయినా ఒకదానిలో ఫ్లూ వైరస్ దొరికింది! జబ్బు జాడే లేని పక్షి ఒంట్లో వైరస్ ఉండటమంటే, అది తెగులు కాదు, కాపురం. ఆ రీఫ్ దీవుల్లోనే తర్వాత ఓ నాడీ టెర్న్ పక్షి నుంచి తీసిన వైరస్ ‘ఎన్’ ముల్లును లేవర్ స్ఫటికాలుగా పెంచాడు. ఆ ముల్లు ఆకారం చూసి దాన్ని మొద్దుబార్చే మందులు తయారుచేసే పనిలో అవి ఉపయోగపడ్డాయి.

వెబ్‌స్టర్ అమెరికా చేరి కెనడా సరస్సుల్లో అడవి బాతుల వెంట పడ్డాడు. 1978కల్లా అసలు రహస్యం బయటపడింది: బాతులో ఫ్లూ శ్వాస జబ్బు కానేకాదు, అది పేగుల్లో పెరిగి రెట్టలో బయటికొస్తుంది. చల్లటి చోట రెట్టలో 30 రోజులు, కాస్త వెచ్చటి చోట వారం రోజులు బతికుంటుంది. ఒక బాతు వదిలిన నీళ్లే ఇంకో బాతు తాగుతుంది. సరస్సు మొత్తం ఒకే గిన్నె. తాగిన బాతు ఈదుతూనే ఉంటుంది, దక్షిణానికి ఎగిరిపోతుంది. బాతుకూ వైరస్‌కూ యుగాల నాటి సర్దుబాటు అది.

ఆ సర్దుబాటును మనం చెడగొట్టాం. ఈ మాట నేను మెత్తగా చెప్పలేను. వేల కోళ్లను ఒకే కప్పు కింద కుక్కాం. బాతు వైరస్ ‘హెచ్’ ముల్లు తెరుచుకోవాలంటే పేగుల్లోనో శ్వాసనాళంలోనో ఉండే ఓ ఎంజైము కావాలి. అందుకే అది ఆ రెండు చోట్లకే కట్టుబడి ఉంటుంది. కోళ్ల షెడ్డులో ఒకదాని నుంచి ఒకదానికి పాకుతూ హెచ్5, హెచ్7 రకాలు మారిపోయి, ఏ అవయవంలోని ఎంజైముకైనా తెరుచుకునే ముల్లు సంపాదిస్తాయి. ఇక గుండె, మెదడు, మూత్రపిండాలు ఏవీ మిగలవు. 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ఒక పెంపుడు హంసబాతులో కనబడ్డ హెచ్5ఎన్1 అలాంటిదే. 1997లో హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగుర్ని చంపింది. 2005లో చింఘాయ్ సరస్సు దగ్గర వేల అడవి పక్షులను పొట్టనపెట్టుకుంది. వాటిలో ఎక్కువ భాగం హిమాలయాలు దాటి మన దేశానికి చలికాలం గడపడానికొచ్చే చారల తల బాతులు. పక్షుల నుంచి కోళ్లకు వచ్చింది, మరింత క్రూరమై తిరిగి పక్షులకే చేరింది. 2023లో దాని బారిన పడి అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో ఆ ఏడు పుట్టిన ఎలిఫెంట్ సీల్ పిల్లల్లో నూటికి 95కు పైగా, దాదాపు 17,000 చచ్చిపోయాయి. ఆ ఒడ్డున పిల్లల అరుపులతో హోరెత్తాల్సిన కాలమది.

మనకూ ఇది దూరపు కబురు కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల నుంచి భోపాల్ ప్రయోగశాలకు వెళ్లిన కోళ్ల నమూనాల్లో హెచ్5ఎన్1 తేలింది. వేల్పూరు, కానూరు పేర్లు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. వరికోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగడం అందరం చూసిందే. వెనక పొడుగాటి కర్ర పట్టుకుని కాపరి నడుస్తుంటాడు, ముందు వందల ముక్కులు బురదలో రాలిన గింజ వెతుకుతుంటాయి. అదే మడిలో సాయంత్రానికి వలస బాతులూ దిగుతాయి. ఆ నీళ్లు ఎవరెవరివో విడదీయలేం.

2024 మార్చిలో టెక్సాస్‌లో ఇదే హెచ్5ఎన్1 సోకి పాడి ఆవులు మేత మానేశాయి, వాటి పాలు చిక్కబడి పసుపురంగుకు తిరిగాయి. అక్కడే పచ్చిపాలు తాగిన పిల్లులు తూలిపడి చనిపోయాయి. ఆవు పొదుగులో బాతు తీరు తోకలున్నాయని అప్పుడు తెలిసింది. పాలు పిండే యంత్రం కప్పులు ఒక ఆవు నుంచి తీసి ఇంకో ఆవుకు తగిలిస్తారు, వైరస్ అలా సాగింది. అక్కడి పాలశాలల్లో చాలాచోట్ల ఆవులు ఎత్తు మీద నిలబడతాయి. మనుషులు కిందనున్న గుంతలో నిలబడి పిండుతారు. పొదుగు సరిగ్గా మొహం ఎత్తులో ఉంటుంది. అలా పాడి పనిలో ఉన్న ఒక మనిషి పరీక్షకు వచ్చాడు. జ్వరం లేదు, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. రెండు కళ్లూ ఎర్రగా ఉన్నాయి.