డైనోసార్ శిల్పాలకు రంగులద్దే కళ

అంతరించిన జంతువులను శిల్పాలుగా మలచి, వాటి ఒంటిపై నిజమైన చర్మమే ఉందనిపించేలా రంగులు వేసే కళ 19వ శతాబ్దం మధ్యలో లండన్‌లో మొదలైంది. ఎముకలు ఒక జంతువు ఎత్తు, పొడవు, నడక తీరు చెబుతాయి. రంగు మాత్రం చెప్పవు. అందువల్ల ఈ కళ నూట యాభై ఏళ్లకు పైగా బతికున్న జంతువుల పరిశీలనపైనా, కళాకారుల ఊహపైనా ఆధారపడి నడిచింది. 2008 తర్వాత శిలాజాల్లోనే రంగు ఆనవాళ్లు బయటపడటంతో అది సాక్ష్యాన్ని వెతుక్కునే కళగా మారింది.

తొలి శిల్పాలు

శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ 1842లో అంతరించిన భారీ సరీసృపాల వర్గానికి ‘డైనోసారియా’ అనే పేరు పెట్టారు. పన్నెండేళ్ల తర్వాత, 1854లో, దక్షిణ లండన్‌లోని సిడెన్‌హామ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానం తెరిచినప్పుడు ఆ జంతువుల నిలువెత్తు రూపాలను ప్రజలు మొదటిసారి చూశారు. ఓవెన్ సలహాలతో వాటిని మలచినవారు శిల్పి బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్. ఒక్క ఇగ్వానోడాన్‌ శిల్పానికే నాలుగు ఇనుప స్తంభాలు, 600 ఇటుకలు, 38 పీపాల సిమెంటు పట్టాయని ఆయన లెక్క చెప్పారు.

సిమెంటు మీద వేసిన రంగుకు ఆరుబయట ఆయుష్షు తక్కువ. వాన నీరు పగుళ్లలోకి దిగుతుంది, చలికి గడ్డకడుతుంది, పూతను పెచ్చులుగా ఊడగొడుతుంది. అందుకే ఈ శిల్పాలకు పలుమార్లు మళ్లీ రంగులు వేయాల్సి వచ్చింది. ప్రతి తరమూ తనకు తోచిన రంగు వేసింది. ఇప్పుడు కనిపించే రంగు 1854 నాటిది కాదు. 2007లో బ్రిటన్ ఈ శిల్పాలకు కట్టడాల పరిరక్షణలో అత్యున్నతమైన గ్రేడ్–1 హోదా ఇచ్చింది.

చిత్రకారులు నేర్పిన పాఠం

అమెరికాలో ఛార్లెస్ నైట్ (1874–1953) చిత్రాలు, చిన్న శిల్పాలు కొన్ని తరాల ఊహను తీర్చిదిద్దాయి. ఆయన జంతు ప్రదర్శనశాలల్లో బతికున్న జంతువులను గీసి, ఆ పరిశీలనను అంతరించిన జంతువులకు వర్తింపజేశారు.

మరో చిత్రకారుడు ఆబట్ థేయర్ 1896లో ఒక ముఖ్యమైన సూత్రం వివరించారు. చాలా జంతువుల వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉంటుంది. పైనుంచి పడే ఎండకు వీపు వెలుగుతుంది, పొట్ట కింద నీడ పడుతుంది. ఒంటి రంగు దీనికి తలకిందులుగా ఉండటంతో వెలుగునీడలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. జంతువు గుండ్రదనం పోయి పరిసరాల్లో కలిసిపోతుంది. శిల్పానికి రంగు వేసేవారు ఈ సూత్రాన్ని రెండువైపులా వాడుకోవాలి. ఆరుబయట నిలిచే పెద్ద శిల్పానికి నీడను ఎండే ఇస్తుంది. గదిలో ఉండే చేతి పొడవు బొమ్మకు ముడతల నీడలను కుంచెతో కొంత చేర్చాలి.

ఫైబర్‌గ్లాస్ నుంచి రబ్బరు చర్మం దాకా

1964–65 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో సింక్లెయిర్ చమురు సంస్థ తొమ్మిది నిలువెత్తు డైనోసార్లను నిలిపింది. లూయిస్ పాల్ జోనాస్ కార్యశాలలో ఫైబర్‌గ్లాస్‌తో తయారైన వీటిని 1963లో హడ్సన్ నది మీద పడవపై తరలించారు. అప్పటికి డైనోసార్లంటే మందకొడి సరీసృపాలన్న అభిప్రాయమే బలంగా ఉండటంతో ఆ కాలపు శిల్పాలకు బూడిద, గోధుమ, ఆకుపచ్చ ఛాయలే ఎక్కువగా పడేవి. ఈ ప్రదర్శనకు సలహాలిచ్చిన శాస్త్రవేత్తల్లో ఒకరైన జాన్ ఆస్ట్రమే 1969లో డైనోనికస్‌ను వర్ణించి, డైనోసార్లు చురుకైన జీవులన్న చర్చకు తెరతీశారు. ఆ తర్వాత పక్షుల్లాంటి చారలు, మచ్చలు శిల్పాల మీదికి వచ్చాయి.

పదార్థాలూ మారాయి. 1950ల్లో చిత్రకారులకు అందుబాటులోకి వచ్చిన నీటి ఆధారిత ఆక్రిలిక్ రంగులు త్వరగా ఆరుతాయి. ఒకే రోజు పూత మీద పూత వేసుకోవచ్చు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో పుట్టిన ఎయిర్‌బ్రష్, కుంచె గీత కనబడకుండా ఒక ఛాయను మరో ఛాయలోకి కరిగించింది.

సినిమా కొత్త చిక్కు తెచ్చింది. 1993 నాటి ‘జురాసిక్ పార్క్’ కోసం స్టాన్ విన్‌స్టన్ బృందం దాదాపు 40 అడుగుల టైరనోసార్‌ను నురగ రబ్బరు చర్మంతో తయారుచేసింది. కదిలే చర్మం మీద మామూలు రంగు చిట్లిపోతుంది. అందుకే రంగు కూడా చర్మంతో పాటు సాగాలి. మేకప్ నిపుణుడు డిక్ స్మిత్ చర్మానికి వాడే జిగురులో ఆక్రిలిక్ రంగు కలిపి, సాగే పూతను రూపొందించారు. సిలికోన్ చర్మానికి ఇదీ సరిపోదు. దాని మీద సిలికోన్‌లో కలిపిన రంగే నిలుస్తుంది.

రంగులు కలపడం, పూయడం

సీసాలోంచి తీసిన ఆకుపచ్చను నేరుగా పూస్తే శిల్పం ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. జీవుల ఒంటిపై అంత శుద్ధమైన రంగు అరుదు. ఆకుపచ్చలో చిటికెడు ఎరుపు, నీలంలో కొంచెం నారింజ కలిపితే మెరుపు తగ్గి చర్మపు ఛాయ వస్తుంది. నీడలకు నలుపు వాడితే ఒళ్లు మసిబారినట్టు ఉంటుంది. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో అల్ట్రామెరైన్ నీలం కలిపిన ముదురు ఛాయ జీవంగా ఉంటుంది. ఆక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది. కనుక కలిపిన రంగును ముందు ఒక ముక్క మీద పూసి, ఆరనిచ్చి, శిల్పాన్ని ప్రదర్శించే వెలుతురులోనే చూడాలి.

పనిలో వరుస ముఖ్యం. అచ్చు నుంచి అంటిన జిడ్డు కడిగి, ప్రైమర్ పట్టించి, మధ్యస్థ ఛాయతో నేల పూత వేస్తారు. నీళ్లలా పలచన చేసిన ముదురు రంగును పారించి, పైభాగాలు తుడిచేస్తే అది పొలుసుల సందుల్లో మిగులుతుంది. తర్వాత దాదాపు పొడిగా ఉన్న కుంచెకు లేత రంగు అంటించి, ఎత్తైన అంచుల మీద తేలిగ్గా రాస్తారు. స్పాంజితో అద్దినా, కుంచె వెంట్రుకలు విదిలించి తుంపర చల్లినా రంగు ఏకరీతిగా లేకుండా విరుగుతుంది. చారలు, మచ్చలు ఆ తర్వాతే వస్తాయి. చివరికి ఒళ్లంతా మెరుపులేని వార్నిష్ వేసి, కళ్లకు, నోటికి మాత్రం మెరిసే వార్నిష్ పూస్తారు. తడి ఉండే చోటే మెరుపు ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితే మిగతా శ్రమంతా వృథా.

శిలాజాలు చెప్పిన రంగులు

2008లో శాస్త్రవేత్త జేకబ్ విన్థర్ బృందం ఒక శిలాజ ఈకలో మెలనోసోమ్‌లను, అంటే రంగు పదార్థాన్ని మోసే అతిసూక్ష్మ కణికలను గుర్తించింది. పొడవాటి కణికలు నలుపును, గుండ్రటివి ఎర్రటి గోధుమ ఛాయను సూచిస్తాయి. 2010లో చైనాకు చెందిన సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ తోకపై ఎర్రగోధుమ, తెలుపు పట్టీలు ఉండేవని తేలింది. అదే ఏడాది ఆంకియోర్నిస్ అనే ఈకల డైనోసార్‌కు నలుపు తెలుపు రెక్కలు, తలపై ఎర్రటి ఈకల కుచ్చు ఉండేవని బయటపడింది.

2016లో శిల్పకళే ప్రయోగ పరికరమైంది. ఫ్రాంక్‌ఫర్ట్ సెంకెన్‌బర్గ్ మ్యూజియంలోని సిట్టకోసారస్ అనే డైనోసార్ శిలాజం ఆధారంగా కళాకారుడు బాబ్ నికోల్స్ నిలువెత్తు శిల్పం చేసి, శిలాజంలో కనిపించిన ఛాయలనే దానికి వేశారు. అదే రూపానికి ఒకే బూడిదరంగు పూసి, దానిపై సహజంగా పడే నీడలను శాస్త్రవేత్తలు కొలిచారు. ఒంటి ముదురు ఛాయ పొట్ట వైపు దిగువన, నెమ్మదిగా లేతబడుతున్నందున, ఆ జంతువు చెట్ల కింది వెలుతురులో బతికి ఉండాలని తేల్చారు. థేయర్ సూత్రానికి ఇంతకంటే మంచి రుజువు దొరకడం కష్టం.

తెలుగు నేలతో సంబంధం

ప్రాణహిత–గోదావరి లోయలోని యామన్‌పల్లి ప్రాంతంలో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. దాని చర్మపు రంగు తెలిపే ఆనవాళ్లేవీ మిగల్లేదు. కనుక దాన్ని శిల్పంగా మలిచేవారు నేటి పెద్ద జంతువుల ఒంటి తీరును, దాని పరిసరాలను ఆధారం చేసుకోవాల్సిందే. ఆధారం ఉన్న చోట దానికి కట్టుబడి, లేని చోట వేసిన రంగు ఊహేనని శిల్పం పక్కనున్న పలకపై రాయడం మ్యూజియంలు పాటించాల్సిన కనీస ధర్మం.