కోతులు ఊగినా తెగని తీగ

కలకత్తాకూ డైమండ్ హార్బర్‌కూ మధ్య మన దేశపు మొదటి తంతి లైను 1851లో పనిలోకి వచ్చింది. 2026కి దానికి 175 ఏళ్ళు. ఆదివారం అనుబంధాలకు ఇలాంటి అంకెలంటే ప్రాణం కాబట్టి ఈ వ్యాసానికి చోటు దొరికింది. 2013 జూలైలో ఆఖరి టెలిగ్రాం వెళ్ళినప్పుడు పత్రికలన్నీ తంతి మోసుకొచ్చిన చావు కబుర్ల గురించీ, పెళ్ళి శుభాకాంక్షల గురించీ రాశాయి. తీగ సంగతి ఎవరికీ పట్టలేదు. దాన్ని దేనితో చేశారు, దేనితో చుట్టారు, ఎవరు అతికారు, సరుకు ఎక్కడ దొరికింది? నాకు ఎప్పుడూ ఆ కబుర్లే ఇష్టం. ఇంట్లో ఇంటర్నెట్ కేబుల్ వేయించుకోవాలని బజారుకు బయల్దేరేవాళ్ళకు అవి కాస్త పనికొస్తాయి కూడా.

తీగ పనిలో సామాను ఎంపికే సగం పని అని మొదట తెలిసింది ఇంగ్లండులో ఒక అద్దకం పనివాడికి. పేరు స్టీఫెన్ గ్రే. 1729లో కెంట్ ప్రాంతంలోని ఆటర్డెన్‌లో, గ్రాన్‌విల్ వీలర్ అనే మిత్రుడి బంగళాలో, రుద్దిన గాజు గొట్టం నుంచి విద్యుత్తును జనపనార దారం వెంట ఎంత దూరం పంపవచ్చో ఇద్దరూ కలిసి చూస్తున్నారు. దారం దేనికీ తగలకుండా పట్టు పోగులతో వేలాడదీశారు. బరువుకు పట్టు తెగింది. ఈసారి గట్టిగా ఉండాలని ఇత్తడి తీగ కట్టారు. విద్యుత్తు చివరికంటా చేరలేదు, ఇత్తడి దాన్ని దారిలోనే జారవిడిచింది. మళ్ళీ పట్టు కడితే పని జరిగింది. ఏది విద్యుత్తును పోనిస్తుంది, ఏది ఆపుతుంది అన్న భేదం తేటపడింది ఈ సామాను మార్పిడిలోనే.

తరవాతి వందేళ్ళను ఒక్క గుక్కలో దాటేయవచ్చు. 1746లో ఫ్రాన్సులో నోలే అనే మతగురువు సన్యాసులను వరసగా నిలబెట్టి, మధ్య మధ్య ఇనుప తీగ పట్టించి, షాకు కొట్టించాడు. అందరూ ఒక్కసారే ఎగిరిపడ్డారు. 1837లో ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్‌లు సూదులతో నడిచే తంతి యంత్రానికి పేటెంటు తీసుకున్నారు. అమెరికాలో మోర్స్ 1843లో సీసపు గొట్టంలో తీగ పెట్టి భూమిలో పాతించాడు. తీగ మీది తొడుగు నాసిరకం కావడంతో ప్రభుత్వం ఇచ్చిన డబ్బులో చాలా భాగం మట్టిపాలయింది. తీగను గుంజల మీదికి ఎక్కించాకే 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు కబురు వెళ్ళింది.

ఇక మనవాడి దగ్గరికి వద్దాం. మనవాడు అంటే ఐర్లండువాడే. విలియం బ్రూక్ ఓషానెసీ, లిమరిక్‌లో పుట్టి, ఎడింబరోలో వైద్యం చదివి, 1833లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా బెంగాలుకు వచ్చాడు. కలరా రోగి రక్తంలోంచి నీరూ ఉప్పూ పోతున్నాయని అంతకుముందే లెక్కగట్టి చూపినవాడు. ఇక్కడికి వచ్చాక గంజాయి మందుగుణాలను పరీక్షించి పాశ్చాత్య వైద్యులకు పరిచయం చేశాడు. కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. ఇవన్నీ చాలవన్నట్టు తీగల మీద పడ్డాడు.

1839లో హుగ్లీ ఒడ్డున శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ దగ్గర వెదుళ్ళు పాతి, మైళ్ళ కొద్దీ ఇనుప తీగను వాటి మీద అటూ ఇటూ తిప్పాడు. కబురు అందుకునే యంత్రం ఏమిటనుకున్నారు? మనిషి వేలు. అటువైపు మనిషి విద్యుత్తు వదిలితే ఇటువైపు మనిషికి చురుక్కుమనేది. రెండు చివర్లా ఒకే వేళ చూపే గడియారాలు పెట్టుకుని, ఏ క్షణాన చురుక్కుమంటే ఏ అక్షరమో పోల్చుకునేవారు. జీతం ఎంతైనా ఆ ఉద్యోగం నాకొద్దు.

తరవాత తీగను నది దాటించాలి. నీటిలో తీగకు ఏం తొడగాలో చెప్పే పుస్తకం అప్పటికి లేదు. గట్టాపర్చా అనే మలయా చెట్టు పాలు ఇంకా ఆ పనికి రాలేదు. ఆయన చూపు రేవు మీద పడింది. పడవలవాళ్ళ దగ్గర కీలు ఉంది, తారు పట్టించిన తాళ్ళు ఉన్నాయి, బజారులో బెత్తం ఉంది. తీగకు కీలు పూసి, చీల్చిన బెత్తంలో పొదిగి, పైన తారునూలు చుట్టి హుగ్లీలో దించాడు. కబురు అవతలి ఒడ్డుకు చేరింది. ఈ సంగతంతా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కంపెనీ పెద్దలు చదివారో లేదో గానీ మరో పదేళ్ళు కిక్కురుమనలేదు.

డల్హౌసీ గవర్నర్ జనరల్‌గా వచ్చాక కదలిక మొదలైంది. రాజ్యాలు కబళించినవాడే అయినా తీగ విలువ ఆయనకు తెలిసింది. సముద్రం మీంచి వచ్చే ఓడల కబుర్లు కలకత్తాకు ముందుగా అందాలి, అందుకే మొదటి లైను డైమండ్ హార్బర్‌కు. ఇక్కడ ఓషానెసీ వేసుకున్న సామాను పట్టీ చూస్తే నాకు ముచ్చటేస్తుంది. భూమిలో పాతే భాగానికి అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు, అంటే మన కిటికీ ఊచంత లావు ఇనుప కడ్డీ. దాని మీద, తారు కలిపి కరిగించిన కీలులో నానబెట్టిన మదరాసు గుడ్డ రెండు పొరలు. ఆ చుట్టిన కడ్డీని బాగా కాలిన ఇంటికప్పు పెంకుల వరసలో పడుకోబెట్టి, ఇసుకా గుగ్గిలమూ కలిపి కరిగించి పోశారు. ఇనుము తప్ప మిగతాదంతా ఊళ్ళో దొరికే సరుకే.

మదరాసు గుడ్డ అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. కోరమండల్ తీరపు నేతలో తెలుగు మగ్గాలది పెద్ద వాటా. మాంచెస్టర్ మిల్లు బట్ట ముందు ఆ మగ్గాలు ఒక్కొక్కటీ మూగబోతున్న రోజులవి. అందులో కొన్ని గజాలు తారులో మునిగి, దేశపు మొదటి భూగర్భ తంతికి తొడుగయ్యాయి. అవి ఏ తెలుగు నేతగాడి చేతివో అనుకోవడం నా అభిమానం.

పైన వేసే తీగ సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. యూరప్‌లో సన్నని తీగ వాడుతున్నారు. ఓషానెసీ లావుపాటి కడ్డీయే కావాలన్నాడు. కారణాలు చదివితే మనిషి ఊళ్ళో తిరిగినవాడని తెలుస్తుంది. గద్దలు గుంపులుగా వాలతాయి, కోతులు పట్టుకుని ఊగుతాయి, గాలివానకు వెదురు పడితే తీగ మీంచి బండ్లు వెళతాయి, ఏనుగులూ నడుస్తాయి. ఇన్నిటికీ తట్టుకోవాలి. పైగా ఇనుప కడ్డీ అతకాలంటే సీమ నుంచి ఎవరూ దిగనక్కర్లేదు, కొలిమి ఉన్న కమ్మరి చాలు. లావు కడ్డీలో విద్యుత్తుకు అడ్డు తక్కువ కాబట్టి, తడిసిన వెదురు వెంట కొంత నేలలోకి జారిపోయినా కబురుకు సరిపడా మిగులుతుంది. లెక్క శుద్ధంగా ఉంది. 2015లో వారణాసి గంగ ఒడ్డున వై-ఫై కోసం వేసిన ఫైబర్ కేబుళ్ళను కోతులు కొరికేస్తున్నాయని వార్త వచ్చినప్పుడు, ఆ పని చేయించినవాళ్ళు ఈయన నివేదిక చదివి ఉంటే బాగుండేదనిపించింది.

నదుల దగ్గర మాత్రం పంథా మార్చాడు. అప్పటికి గట్టాపర్చా తొడిగిన తీగ వచ్చేసింది. కానీ హుగ్లీలో ఓడలు లంగరు వేస్తే తీగ లేచిపోతుంది. అందుకని తీగను బరువైన లంగరు గొలుసు లంకెల సందుల్లో కట్టి అడుగుకు దించాడు. లంగరు తగిలినా గొలుసుకే తగులుతుంది.

ఈ పనుల్లో ఆయనకు కుడిభుజం శివచంద్ర నంది. కలకత్తా టంకశాలలో పనిచేస్తుంటే ఓషానెసీ కళ్ళబడ్డాడు. డైమండ్ హార్బర్ నుంచి తొలి సంకేతం పంపింది ఈయనే. తరవాత ఢాకా లైనుకు పద్మానది అడ్డం వచ్చింది. ఏడు మైళ్ళ కేబుల్ దించడానికి స్టీమరు అద్దె 10,000 రూపాయలని చెప్పారు. నంది జాలరి పడవలు మాట్లాడుకుని పని పూర్తిచేశాడు. గుంజలకు ఖర్చు ఎక్కువైతే తాటిమొద్దులు పాతించాడు. కంపెనీ చరిత్రల్లో ఆయన పేరు ఎక్కడో కింద ఉంటుంది. నన్నడిగితే పై వరసలోనే ఉండాలి.

1852 ఏప్రిల్‌లో కంపెనీ సేనలకు రంగూన్ పట్టుబడిన వార్త తెచ్చిన ఓడ ఇంకా నది ముఖం దగ్గర ఉండగానే కబురు డల్హౌసీ చేతిలో పడింది. ఇక అనుమతులకు ఆలస్యం కాలేదు. 1853 నవంబరులో కలకత్తా–ఆగ్రా లైను మొదలుపెట్టి 1854 మార్చికల్లా 800 మైళ్ళూ పూర్తిచేశారు. 1855కి బొంబాయి, మదరాసు కలిశాయి. వెదుళ్ళు చెదపట్టి కుళ్ళితే టేకు, సాలు గుంజలు వచ్చాయి. మదరాసు వైపు కొన్నిచోట్ల రాతి స్తంభాలే పాతారు. ఆ తీగలే 1857లో తిరుగుబాటును అణచడానికీ పనికొచ్చాయన్నది వేరే, చేదు కథ.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది. తీగలు ఎక్కువైపోయాయి, మనుషుల పేర్లు తగ్గిపోయాయి. 1881లో గ్రాహం బెల్ రెండు తీగలను మెలివేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడి కొట్టుకుపోతుందని ఆయన ఉపాయం. ఇవాళ నెట్‌వర్క్ కేబుల్ చీల్చి చూస్తే కనిపించే నాలుగు మెలికల జతలు ఆ ఉపాయం సంతానమే. మరుసటి ఏడాదే కలకత్తా, బొంబాయి, మదరాసుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తెరిచారు.

1973లో అమెరికాలో జిరాక్స్ వారి పార్క్ పరిశోధనాలయంలో బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ కంప్యూటర్లను ఒకే తీగతో కలిపే ఈథర్‌నెట్ మొదలుపెట్టారు. దాని నుంచి వచ్చిన తొలి ప్రమాణంలోని లావు కేబుల్ మందం ఇంచుమించు ఓషానెసీ కడ్డీ అంతే! దాని మీద రెండున్నర మీటర్లకో నల్ల గీత. కంప్యూటరు తగిలించాలంటే ఆ గీత దగ్గర చిన్న డ్రిల్లుతో బెజ్జం వేసి, సూది దింపే బిగింపు పెట్టాలి. తరవాత సన్న కోయాక్సియల్ కేబుల్ వచ్చింది. అమీర్‌పేట కంప్యూటర్ ల్యాబుల్లో చదివిన తరానికి అది గుర్తుండే ఉంటుంది. వరసలో ఎవరో కాలు తగిలి ఒక టీ-కనెక్టరు ఊడితే వరస మొత్తం చచ్చిపోయేది. 1990లో మెలితీగ మీద నడిచే 10బేస్-టి ప్రమాణం ఆ బాధ తప్పించింది. 1991లో అమెరికా ప్రమాణ సంస్థలు కేబులింగ్‌కు ఒక నియమావళి అచ్చువేశాయి. నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ అని మన కుర్రాళ్ళు మంత్రంలా చదివే పోగుల రంగుల వరస అందులోదే.

ఆ మంత్రం వచ్చినవాళ్ళందరూ సామాను ఎంచగలరని కాదు. టెలిఫోన్ లైన్‌మెన్ సంచిలో కటింగ్ ప్లేయరు, టెస్టరు, క్రోన్ టూలు ఉండేవి. తీగను పళ్ళతో చీల్చేవాళ్ళూ ఉండేవారు, వాళ్ళ నేర్పు వేరు. ఇప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 305 మీటర్ల కేబుల్ డబ్బాలు నేల నుంచి కప్పు దాకా ఉంటాయి. ఒకదాని మీద క్యాట్-6 అని ఉండి ధర సగమే ఉంటే అనుమానించాలి. ఆ మాట చెప్పింది అక్కడి ఒక కొట్టువాడే: "డబ్బా మీద రాసింది వదిలేయండి సార్. బ్లేడుతో తీగ గోకండి. లోపల తెల్లగా కనబడితే అల్యూమినియమే." పైన రాగి పూత, లోపల అల్యూమినియం. అడ్డు ఎక్కువ, వంచితే విరుగుతుంది. అదే తీగ మీద కెమెరాకు కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది.

గోడలోపల వేసేదానికి గట్టి పోగు కేబుల్, కంప్యూటరు దగ్గర వేలాడేదానికి సన్న పోగుల కేబుల్. కనెక్టరు కూడా ఏ పోగుకు తయారైందో చూసి కొనాలి, మారిస్తే కొన్నాళ్ళకు పట్టు వదులుతుంది. కొన వద్ద జతల మెలిక అరంగుళం మించి విప్పకూడదు. ప్లాస్టిక్ టై బిగించి గొంతు నొక్కకుండా అతుక్కునే పట్టీ వాడితే మేలు. మేడ మీద ఎండకు వేసేది నల్ల పాలిథీన్ తొడుగుది కావాలి. పైపులో లాగే స్ప్రింగు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది, కొనక్కర్లేదు. ఆయన చూపించిన కరెంటు పైపులోనే కేబుల్ దూర్చడానికి మాత్రం ఒప్పుకోవద్దు.

పైన వేయాలా, పాతాలా అన్న తగవు మాత్రం తేలలేదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద ఎక్కింది. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లో పడుకుంది. హైదరాబాదులో 2025లో కరెంటు స్తంభాల మీది కేబుళ్ళను విద్యుత్ సిబ్బంది తెంపేస్తే ఇళ్ళల్లో టీవీలూ ఇంటర్నెట్టూ ఆగిపోయాయి. వీధిలోంచి ఇంటిదాకా ఇప్పుడు గాజుపోగే వస్తోంది, దాన్ని అతకడానికి స్ప్లైసింగ్ మిషన్ కావాలి. మన చేతిలో మిగిలింది గోడల లోపలి రాగి మాత్రమే.

దానికైనా చివర్లో టెస్టరు పెట్టి ఎనిమిది పోగులూ చూడమంటే పనివాళ్ళు నవ్వుతారు. "దీపం వెలిగింది కదా సార్" అంటారు. రెండు జతలు బాగుంటే 100 మెగాబిట్ల దీపం వెలుగుతుంది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. టెస్టరు ఖరీదు ఒక కేబుల్ డబ్బాలో చిన్న భాగమే. బిల్లు చేతికిచ్చే ముందు ఆ కొట్టువాడు నన్ను మూడుసార్లు వద్దా అని అడిగి, ఆఖరికి తనే సంచిలో వేశాడు.