సిరంజికి కట్టిన మడి

మా అమ్మమ్మ మడి సంగతి మా వీధి వీధంతా తెలుసు. ఆవిడ వంటింట్లో ఉన్నంతసేపూ మేం పిల్లలం గడప ఇవతలే! అంతటి అమ్మమ్మా ఒక్క వస్తువు జోలికి మాత్రం వెళ్ళేది కాదు. అది తాతయ్య ఇన్సులిన్ సిరంజి.

ఇప్పటిలా వాడి పారేసే ప్లాస్టిక్కుది కాదు, గాజుది. రోజూ పొద్దున్నే అమ్మ దాన్ని విడదీసేది. గొట్టం, లోపలి కాడ, సూది దేనికది వేరుచేసి, చిన్న స్టీలు గిన్నె అడుగున తెల్లటి గుడ్డముక్క పరిచి, వాటిని అందులో పెట్టి చన్నీళ్ళు పోసేది. వేణ్ణీళ్ళు పోస్తే గాజు చిట్లిపోతుందిట. కిరసనాయిలు స్టౌ మీద నీళ్ళు తెర్లడం మొదలయ్యాక, గోడ గడియారం చూసుకుని సరిగ్గా పది నిమిషాలు ఉంచేది.

"దాని మడి నా మడికంటే గట్టిదే తల్లీ!" అనేది అమ్మమ్మ.

1988లో ఒక ఆదివారం అమ్మకి జ్వరం వచ్చి, ఆ పని నాకు అప్పగించింది. అప్పుడు నాకు పదేళ్ళు. పక్కింట్లో టీవీలో రామాయణం మొదలయ్యే వేళ అవుతోంది. నీళ్ళలో బుడగలు కనబడ్డాయో లేదో గిన్నె దించేశాను. "పది నిమిషాలూ అయిందిటే?" అని అమ్మ మంచం మీంచే అడిగితే "ఆఁ" అనేసి పరుగెత్తాను.

నాలుగైదు రోజులకి తాతయ్య తొడ మీద సూది గుచ్చినచోట గడ్డ లేచింది. డాక్టరుగారు కోసి చీము తీశారు. షుగరు మనిషి కదా, మానడానికి చాలా రోజులు పట్టింది. నీ తొందరవల్లే అని నన్నెవరూ అనలేదు. అసలు ఎవరికైనా తెలిస్తే కదా! కానీ గది బయట నిలబడి తాతయ్య మూలుగు విన్నదాన్ని నేనే.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక నవల కోసం వైద్యచరిత్ర పుస్తకాలు తిరగేస్తుంటే, నేను చేసిన పనే చేసిన పెద్దమనిషి ఒకాయన కనిపించాడు. ఆయన పేరు నీడ్‌హామ్. ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు. 1748లో ఆయన మాంసం రసాన్ని సీసాలో పోసి, బెండు బిరడా బిగించి, వేడి బూడిదలో పెట్టాడు. కొన్నాళ్ళకి తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, అందులో లెక్కలేనన్ని ప్రాణులు! వేడికి అన్నీ చచ్చాయి కాబట్టి ఇవి వాటంతటవే పుట్టాయని తేల్చేశాడు.

ఇటలీలో స్పల్లన్‌జానీకి ఈ మాట మీద నమ్మకం కుదరలేదు. సీసా మూతిని గాజు కరిగించే మూసేసి, గంటదాకా మరిగించి చూశాడు. ఏ ప్రాణీ పుట్టలేదు. 1765లో ఆ సంగతి అచ్చువేయించాడు. అంటే నీడ్‌హామ్ సీసాలో కొత్త ప్రాణమేదీ పుట్టలేదన్నమాట. లోపమల్లా బిరడాలోనూ, గడియారంలోనూ ఉంది!

శాస్త్రజ్ఞులు వాదించుకుంటుండగానే పారిస్‌లో మిఠాయిలు చేసే అపెర్ అనే ఆయన, గాజు సీసాల్లో కూరలూ పళ్ళూ నింపి మూత బిగించి, మరిగే నీళ్ళలో ఉంచి నిలవ చెయ్యడం నేర్చాడు. 1810లో ఆ పద్ధతిని పుస్తకంగా వేసినందుకు ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకి 12,000 ఫ్రాంకులు బహుమతిచ్చింది. అవి ఎందుకు పాడవడంలేదో మాత్రం ఆయనకీ తెలీదు. మనం ఆవకాయ జాడీ ఎండలో పెట్టినట్టే, పని తెలుసు, కారణం తెలీదు!

మరి ఎంతసేపు మరిగిస్తే చాలు? చిక్కంతా ఇక్కడే వచ్చింది. కొన్ని క్రిములు గట్టి పెంకులాంటి కవచంలో దాక్కుంటాయి. వాటిని సిద్ధబీజాలంటారు. ఎండుగడ్డి మీద ఉండే క్రిమికి ఇవి ఉంటాయని 1876లో కోన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కనుక్కున్నాడు. కొన్ని గంటలతరబడి మరిగినా చావవు. 1877లో టిండాల్ చక్కటి ఉపాయం పన్నాడు. ఒకసారి మరిగించి వదిలేస్తే, మర్నాటికి ఆ బీజాలు నానబెట్టిన పెసల్లా మొలకెత్తుతాయి. మొలక మెత్తన కదా, మళ్ళీ మరిగిస్తే చస్తుంది. మూడోరోజు మరోసారి. ఒక్కరోజులో కాని పనిని ఓపికతో సాధించాడు!

అంత ఓపిక లేనివాళ్ళకోసం 1879లో పాశ్చర్ శిష్యుడు షాంబర్లాన్ ఆటోక్లేవ్ తయారుచేశాడు. దాని ముత్తాత ఎవరో తెలుసా? 1679లో డెనీ పాపాన్ ఎముకలు ఉడకబెట్టడానికి చేసిన ఆవిరి పాత్ర. మన ప్రెషర్ కుక్కరుకీ అదే మూలం.

1881లో జర్మనీలో కోఖ్, ఆయన సహచరులూ రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. పశువుల దొమ్మరోగపు సిద్ధబీజాలు 140 డిగ్రీల పొడి వేడిలో చావడానికి మూడు గంటలు పట్టింది. 100 డిగ్రీల ఆవిరికి కొద్ది నిమిషాల్లోనే లొంగిపోయాయి. వింతేం లేదు. వేడి ఓవెన్‌లో ఒక్కక్షణం చెయ్యిపెట్టి తీయగలం. ఇడ్లీ పాత్ర ఆవిరి తగిలితేనో? బొబ్బే!

ఇప్పటి ప్రయోగశాలల లెక్క కూడా ఇదే దారిలో ఉంది. ఒత్తిడి ఆవిరిలో 121 డిగ్రీలైతే 15 నిమిషాలు, పొడి వేడిలో 160 డిగ్రీలైతే రెండు గంటలు. మామూలుగా మరిగించడం పాలసీసాలకి చాలుగానీ, గట్టి సిద్ధబీజాలకి చాలదు. కుక్కర్లో ఆవిరి ధారగా వచ్చాకే వెయిటు పెడతాం కదా! లోపల గాలి మిగిలితే వేడి సరిగా ఎక్కదు. ఆటోక్లేవ్‌లోనూ ముందు గాలినే తరిమేస్తారు. 1980లలో టీకాల సిరంజిలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించిన చిన్న స్టెరిలైజర్లూ ప్రెషర్ కుక్కరు తరహావే. ఇప్పుడు ఒకసారి వాడి పారేసే సిరంజిలొచ్చాయి. వాటిని మరిగించి మళ్ళీ వాడాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

డిగ్రీ చదివే రోజుల్లో ఒకనాడు ధైర్యం చేసి తాతయ్యకి నా తప్పు చెప్పాను. ఆయన నవ్వారు.

"గడియారం నాకూ కనబడుతుంది కదుటే అమ్మడూ! రామాయణానికి వేళైపోతోందని నువ్వు గుమ్మంవైపు చూస్తుంటే, మళ్ళీ పెట్టమని అనలేకపోయాను."

మా అమ్మాయి పుట్టాక దాని పాలసీసాలు మరిగించేటప్పుడు నేను స్టౌ ముందునుంచి కదిలేదాన్ని కాదు. ఫోను మోగినా సరే, గుమ్మంలో ఎవరు పిలిచినా సరే. "అంత చాదస్తమేమిటి?" అని మావారు నవ్వేవారు. నేను జవాబు చెప్పకుండా గోడ గడియారంవైపు చూసేదాన్ని. ఇంకా నాలుగు నిమిషాలుంది!