మోటారు చొరని కంకరబాటలు



అమెరికా సంయుక్తరాష్ట్రముల ఈశాన్యపు కొసను మెయిన్ అను రాష్ట్రము కలదు. దాని తీరమున అట్లాంటిక్ సముద్రములో మౌంట్ డెసర్ట్ అను కొండల దీవి యున్నది. వబనాకీలను ఆదిమజాతులవా రనేక తరములనుండి ఆ ప్రదేశము నెఱుగుదురు. వారు దానిని పెమెటిక్ అందురు. 1604వ సంవత్సరమున శాంప్లెయిన్ అను ఫ్రెంచి నావికుడు ఓడలో వచ్చుచు, చెట్టు లేని బోడిశిఖరములను చూచి దాని కిప్పటి పేరు పెట్టెను. శిఖరములు బోడివే గాని, వాని నడుములను దట్టమైన యడవి కప్పియున్నది. కొండ లన్నిటిలో నెత్తయిన కాడిలాక్ కొండ 1,530 అడుగులు మాత్రమే. మన తూర్పుకనుమల కది చిన్నతమ్ముని వంటిది. ఐనను సముద్రపు టొడ్డునుండి లేచినది గావున చూపునకు మహోన్నతముగ నుండును.

ఈ దీవిలోని అకాడియా జాతీయవనమున నేడు 45 మైళ్ళ కంకరబాటలు కలవు. వానిపై మోటారుబండ్లు పోరాదు. కాలినడకవారు, గుఱ్ఱములవారు, సైకిళ్ళవారు పోవచ్చును. ఈ బాటలను వేయించిన వాని పేరు విన్నచో మీకు వింత తోచకమానదు. నూనెవ్యాపారముచే జగమంతట పేరు మోసిన రాక్‌ఫెల్లరు కుమారుడు, చిన్న జాన్ రాక్‌ఫెల్లరు వీనిని వేయించెను. మోటారులు త్రాగు నూనెవలన పెరిగిన సొమ్ముతో మోటారులు చొరని బాట! దీనిని చూచి నవ్వుట సులభము. కాని సంగతి పూర్తిగా విన్న పిమ్మట నవ్వవలయునో వలదో మీరే నిర్ణయింపుడు.

19వ శతాబ్దపు నడిమికాలమున థామస్ కోల్, ఫ్రెడరిక్ చర్చి మొదలగు చిత్రకారులు ఈ దీవికి వచ్చి కొండలను, కడలిని పటములుగ వ్రాసిరి. పటములను చూచి నగరవాసులు వచ్చిరి. మొదట జాలరుల యిండ్లలో తలదాచుకొని, తరువాత హోటళ్ళలో దిగి, తుదకు ధనికులు తమ మేడలనే కట్టుకొనిరి. నెమ్మదికొఱకు వచ్చిన వీరికి మోటారుబండి కంటగింపయ్యెను. 1909లో రాష్ట్రశాసనసభవారు దీవిపై మోటారులను నిషేధించిరి. ఆ కట్టుబాటు చిరకాలము నిలువలేదు. నాలుగేండ్లకే, 1913లో, బార్ హార్బరు ప్రాంతమున మోటారులకు సెలవిచ్చిరి. 1915లో దీవి యంతటను ద్వారములు తెఱచిరి. దుకాణదారునకు, వైద్యునకు, దూరపుపల్లెవానికి మోటారు కావలసియుండెను. వారి కోరికయు న్యాయమే కదా!

రాక్‌ఫెల్లరు తన బాటల పనిని ఆరంభించినది ఆ 1913వ సంవత్సరముననే. అతడు గుఱ్ఱముల నెఱిగినవాడు. ఒహైయోలోను న్యూయార్కు సమీపమునను తమ యెస్టేటులలో తండ్రి బండిబాటలు వేయించుచుండగా ప్రక్కనుండి ఆ విద్య నేర్చినవాడు. ఇంజనీర్లకు పని నప్పగించి దూరముగ కూర్చుండక, బాట యే చెట్టు ప్రక్కనుండి పోవలెనో, యే మలుపున సరస్సు కనబడవలెనో తానే నడచి చూచి నిర్ణయించెడివాడట. 1940 వఱకు, అనగా ఇరువదియేడేండ్లు, ఈ పని సాగెను. మొత్తము 57 మైళ్ళు వేసిరి. వానిలో 45 మైళ్ళు నేడు జాతీయవనమునకు జెందియున్నవి.

బాట వెడల్పు 16 అడుగులు. అడుగున పెద్దరాళ్ళు, వానిపై కంకర, ఆపై నూక, ఇట్లు మూడు వరుసలు. నడిమిభాగము అంచులకంటె 6 మొదలు 8 అంగుళముల వఱకు ఉబ్బుగ నుండును. పడిన వాన నడుమ నిలువక ఇరుప్రక్కల కాలువలలోనికి జాఱును. కొండమీదినుండి దిగు నీరు రాతితూముల గుండ బాట క్రిందుగ పోవును. నేను ముప్పదియేండ్లు కంకరరోడ్డుమీద సైకిలు త్రొక్కి బడికి పోయినవాడను. వానకాలము వెళ్ళిన వెనుక రోడ్డు గతి యెట్లగునో పుస్తకములు చూచి నేర్చుకొన నక్కఱలేదు. బండ్లు రోడ్డును అరగదీయును గాని, చంపునది నిలువనీరు. ఈ బాటలు నూఱేండ్లు దాటియు నిలిచియున్న వనగా, ఆ పుణ్యము ముందు తూములది, తరువాత రాతిది.

లోయవైపు అంచున ముఱిపిరాళ్ళు వరుసగ నిలిపిరి. వానిని నున్నగ చెక్కలేదు, ఎగుడుదిగుడుగా నాటిరి. ఊరివారు వానికి రాక్‌ఫెల్లరు దంతములని పేరు పెట్టిరి. ఇక వంతెనలు 17. వానిలో 16 ఇతని సొమ్ముతో కట్టినవి. ఒకదానిని పోలిన దింకొకటి లేదు. మొదటిది 1917లో ఏటి గుండ్రాళ్ళతో కట్టినది. తక్కినవి లోపల ఇనుపకడ్డీల కాంక్రీటు, వెలుపల కొండఱాతి తొడుగు. వానిలో నొకదానిపై నిలిచినచో ఎదుటనే జలపాతము దుముకుట కనబడును. బాట వేయుటలో గాయపడిన చోట్లను మరల అడవిచెట్లతో, పొదలతో కప్పుటకు బియాట్రిక్స్ ఫారండ్ అను ఉద్యాననిపుణురాలు సాయపడెను.

ఇంత శ్రద్ధగ చేసిన పనికిని ఎదురాడినవారు లేకపోలేదు. ఆ దీవిలో వేసవి గడపుచుండిన పెన్సిల్వేనియా సెనేటరు జార్జి వార్టన్ పెప్పరు వారిలో ముఖ్యుడు. అడవిలోనికి బాట వేసినచో అది యిక అడవి కాదని, కాలిత్రోవలు చాలునని ఆ పక్షమువారి వాదము. 1924లో మంత్రి హ్యూబర్టు వర్కు స్వయముగ వచ్చి, చూచి, పని సాగవచ్చునని తీర్పిచ్చెను. పెప్పరు వాదమును త్రోసివేయుటకు నాకు మనసొప్పదు. కొండనడుమున పదునా ఱడుగుల చీలిక చిన్న గాయము కాదు. పైగా సొమ్మున్నవాని యభిరుచియే లోకుల కందఱకు విధి యగుటయు మేలుకాదు. ఐనను ఒక మాట. ఆ కాలమున బాట వేయక విడిచిన యడవి లన్నియు అడవులుగనే మిగిలెనా? మోటారు అప్పటికే వాకిట నిలిచియుండెను. దాని కొక మార్గము చూపనిచో తానే వేయి మార్గములు చూచుకొనును.

రాక్‌ఫెల్లరు చేసినదియు అదియే. అతడు మోటారును దీవినుండి తఱుమబోలేదు. మోటారులకై వేఱుగ వేసిన రోడ్డునకు సయితము తానే సొమ్మిచ్చెను. రెండు బాటలు కలియుచోట ఒకటి మీదుగ, ఒకటి క్రిందుగ పోవునట్లు వంతెన కట్టించెను. మన కౌటిల్యుడు అర్థశాస్త్రమున రథపథము వేఱు, పశుపథము వేఱు, చిన్నపశువులును మనుష్యులును పోవు దారి వేఱు అని యొక్కొక్కదానికి వెడల్పు విధించియున్నాడు. రెండువేల యేండ్లనాటి ఆ వివేకము నేటి మన పట్టణములలో పాదచారికి రెండు మూరల చోటైన మిగిల్చినచో బాగుండెడిది!

ఈ లోపల భూమియు చేతులు మాఱెను. హార్వర్డు విద్యాలయాధ్యక్షుడైన ఎలియట్టు, జార్జి డార్ అను మఱియొక పెద్దమనుష్యుడు చేరి, 1901లో నొక ధర్మసంస్థ నేర్పఱచి కొండలను కూడబెట్టిరి. ఆ భూములు 1916లో జాతీయ స్మారకభూమిగను, 1919లో లాఫయెట్ జాతీయవనముగను, 1929లో అకాడియాగను పేర్లు మార్చుకొనెను. రాక్‌ఫెల్లరు దాదాపు 11,000 ఎకరములను దానమిచ్చెను. 1947 అక్టోబరున పుట్టిన కార్చిచ్చు దీవిలో 17,000 ఎకరములకు పైగ దహించెను. వానిలో 10,000 వనమునకు జెందినవి. నల్లని స్ప్రూసు చెట్లు మసియైన చోట తెల్లని బెరడుగల బర్చి, ఆస్పెన్ చెట్లు లేచెను. కావున నేడు సైకిలుపై పోవువాడు తూర్పుభాగమున చూచు అడవి రాక్‌ఫెల్లరు చూచిన యడవి కాదు.

1960లో రాక్‌ఫెల్లరు మరణించెను. అంతవఱకు బాటల పోషణము ముఖ్యముగ అతనిది. తరువాత ప్రభుత్వపు సొమ్ము చాలకపోయెను. కాలువలలో మొక్కలు మొలచెను, తూములు పూడెను, నడిమి యుబ్బు అణగెను, దంతము లొరగెను. కట్టినవారి పేర్లు చరిత్రలో నిలుచును. ఏటేట కాలువలో ఆకులు తీయువాని పేరు నిలువదు. వీడు పని మానినపుడే వాని పేరునకు ముప్పు వచ్చును. 1986లో పుట్టిన ఫ్రెండ్స్ ఆఫ్ అకాడియా అను సంఘమువారు చందాలు పోగుచేసిరి, ప్రభుత్వమువారు నిధు లొసగిరి. 1992 మొదలు 1995 వఱకు 60 లక్షల డాలర్లకు పైబడిన వ్యయముతో బాటల నుద్ధరించిరి. అంతటితో ఊరకుండక, మరల శిథిలము గాకుండ పోషణమునకై శాశ్వతనిధి నేర్పఱచిరి. మన చెఱువులకు పూర్వులు మాన్యము లిచ్చుట యిట్టిదే.

గుఱ్ఱము బరువు లాగుచు అలయకుండుటకై ఈ బాటల యెక్కుడును మెల్లగ నేర్పఱచిరి. ఆ ఏర్పాటే సైకిలు త్రొక్కువానికి కలిసివచ్చినది. ఈగిల్ సరస్సు చుట్టి వచ్చుటకు 6 మైళ్ళు. పిల్లలును సుఖముగ పోగలరు. కూడళ్ళలో దేవదారు స్తంభములపై అంకెలు వేసియుందురు గావున దారి తప్పు భయము తక్కువ. గుఱ్ఱము కనబడినపుడు సైకిలువాడే తగ్గవలెను. దక్షిణమున వనము వెలుపల ప్రైవేటు భూములలోనున్న బాటలపై సైకిళ్ళు పోరాదు.

ఇటీవల నొక క్రొత్త చిక్కు వచ్చినది. విద్యుత్తుతో నడచు సైకిళ్ళు వెలసినవి. అవి సైకిళ్ళా, మోటారులా? అకాడియావారు వానిలో నొక్క తరగతికే సెలవిచ్చిరి. కాలితో త్రొక్కినపుడే యంత్రము తోడ్పడవలెను. గంటకు 20 మైళ్ళ వేగము రాగానే ఆ తోడ్పాటు ఆగవలెను. త్రొక్కకయే పోవు వానికి ప్రవేశము లేదు. ముదిమిచే మోకాళ్ళు నొచ్చువారికి దీనిచే నుపకారము కలుగుచున్నది. 1909 నాటి తగవు ఆ బాటలపై ఈ రూపమున మరల విచారణకు వచ్చియున్నది.