బందెలదొడ్డి: పట్టణ పశుశాసనముల పూర్వోత్తరములు

పట్టణములయందు పశువులను పెంచుటకు విధింపబడిన కట్టుబాట్లు ఆధునిక కాలమున పుట్టినవని సామాన్యముగ తలపబడుచున్నది. పురపాలక చట్టములను మాత్రమే చూచువారికి అట్లు తోచుట సహజమే. కాని పశువు చేసిన నష్టమునకు ఎవరు, ఎంత చెల్లింపవలెనను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. ధర్మశాస్త్ర విధులను 1871లోని పశువుల అక్రమప్రవేశ చట్టముతో పోల్చి, వానిలో నిలిచినదేది, తొలగినదేది అను విషయమును ఈ వ్యాసమున విచారింతుము.

స్మృతికర్తలు ఈ విషయమును స్వామిపాలవివాదమను వ్యవహారపదమున చేర్చిరి. స్వామి యనగా పశువుల యజమాని, పాలుడనగా కాపరి. పైరును పాడుచేసిన గేదెకు ఎనిమిది మాషములు, ఆవునకు అందు సగము, మేకకును గొఱ్ఱెకును ఆ సగములో సగము దండముగ యాజ్ఞవల్క్యుడు విధించెను. మేసి అచటనే పరుండినచో దండము రెట్టింపగును. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దిలో కేతన తెనుగు పద్యములలోనికి తెచ్చెను. కావున ఈ సంప్రదాయము మన సాహిత్యమునకు పరాయిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, బీడులో మేసిపోయిన ఒంటెకును గేదెకును పణములో నాలుగవ వంతు, ఆవు, గుఱ్ఱము, గాడిదలకు ఎనిమిదవ వంతు, చిన్నపశువులకు పదునాఱవ వంతు చెప్పబడినది.

ఇక 1871 చట్టములోని మొదటి పట్టికను చూతము. ఏనుగునకు రెండు రూపాయలు. ఒంటెకును గేదెకును ఎనిమిదణాలు. గుఱ్ఱమునకును, ఆవునకును, ఎద్దునకును నాలుగణాలు. దూడకును, గాడిదకును, పందికిని రెండణాలు. మేకకును గొఱ్ఱెకును ఒక అణా. గేదె దండములో ఆవు దండము సగమనుట మూడింటను సమానము. ఒంటెను గేదెతోను, గుఱ్ఱమును ఆవుతోను చేర్చుటలో ఈ చట్టము కౌటిల్యునితో ఏకీభవించుచున్నది.

ఇది అనుకరణమా? అర్థశాస్త్రము మైసూరున అచ్చుపడినది 1909లో. కావున 1871 నాటి శాసనకర్తలు దానిని చూచి వ్రాసిరనుటకు వీలులేదు. పెద్దపశువు ఎక్కువ మేయును, ఎక్కువ త్రొక్కును. ఆ లోకానుభవమే రెండు కాలములవారిని ఒకే కొలతకు చేర్చినదని మా అభిప్రాయము.

కొలత నిలిచినది, తొలగినవి రెండు. మొదటిది మినహాయింపు. విత్తనపు ఆబోతును, దైవమునకు విడిచిన పశువును, క్రొత్తగా ఈనిన ఆవును ప్రాచీనులు దండింపలేదు. అచ్చుపోసిన ఆంబోతు అను మన జాతీయము ఆ స్వేచ్ఛకే సాక్ష్యము. 1871 చట్టమున అట్టి మినహాయింపు కానరాదు.

రెండవది పశువునకు విడిచిన నేల. ఊరికిని పొలములకును నడుమ గ్రామమునకు నూఱు ధనుస్సులు, నగరమునకు నాలుగువందల ధనుస్సులు విడువవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ధనుస్సునకు నాలుగు మూరల లెక్కను అది 1,600 మూరలు. అట్టి నేలలో కంచెలేని పైరును పశువు మేసినను కాపరిని దండింపరాదని మనువు శాసించెను. అనగా ముందు చోటు, పిదప దండము. ఈ విధులు ఎల్లెడల ఆచరింపబడెనని మేము చెప్పజాలము. శాస్త్రకారుల దృష్టి మాత్రము స్పష్టము.

1871 చట్టమున ఈ క్రమము మాఱినది. బాటపై తిరుగుట మాత్రము చేతనే, నష్టమేమియు లేకున్నను, పశువును పట్టవచ్చును. పట్టినవారు 24 గంటలలో దానిని బందెలదొడ్డికి తోలవలెను. ఏడు దినములలో ఎవరును రానిచో దండోరా వేయింపవలెను. మఱి ఏడు దినములు గడచిన వేలము. యజమాని వచ్చినను, జుల్మానాతోపాటు మేతఖర్చు చెల్లింపనిచో పశువు వేలమునకే పోవును. ఒక్క పాడిగేదెపై బ్రతుకు బండిని లాగు పట్టణపు పేదకు ఇది దండము కాదు, జీవనాధారము తొలగుటయే. దొడ్డి అధికారులు ఆ వేలములో కొనరాదను నిషేధమును చట్టమే చేర్చవలసివచ్చినది. అక్రమమునకు అందు ఎంత అవకాశము కలదో ఇందువలన ఊహింపవచ్చును.

మదరాసు రాష్ట్రపు 1920 జిల్లా పురపాలక చట్టము ఈ మార్గముననే సాగినది. అనుమతి లేక పందులను పెంచరాదు. ఇరుగుపొరుగువారికి బాధకలుగునట్లు ఏ జంతువును ఉంచరాదు. దిక్కులేక తిరుగు పందులను, కుక్కలను చాటింపువేసి చంపింపవచ్చును. పశువునకు చోటు చూపు బాధ్యత ఈ నిషేధములలో లేదు. కుక్కల విషయమున 2001లోను, తిరిగి 2023లోను వెలువడిన కేంద్రనియమములు చంపుటకు మాఱుగా సంతాననిరోధ శస్త్రచికిత్సచేసి, టీకావేసి, పట్టినచోటనే విడువవలెనని విధించినవి. జంతువునకు ఊరిలో ఒక చోటు కలదను ప్రాచీనభావము, వేఱొక రూపమున, శాసనములలోనికి తిరిగి ప్రవేశించినదని మాకు తోచుచున్నది.

పట్టణములు పెరిగినవి, నాలుగువందల ధనుస్సుల బీళ్లు ఇండ్లస్థలములైనవి. వానిని తిరిగి తెచ్చుట సాధ్యము కాకపోవచ్చును. కాని చోటు చూపక దండము మాత్రమే విధించు శాసనము పశువును కాక పేదనే శిక్షించునని ఈ చరిత్ర తెలుపుచున్నది.