మోపు, మెద, నాము: గడ్డి లెక్కల మాటలు



మన ఊళ్లల్ల గడ్డికి కిలోల లెక్క లేకుండె. లెక్కంతా మనిషి ఒంటితోనే. ఒక్క పోచ అయితే పరక. గుప్పిట్ల పట్టింది పిడికెడు. కొడవలితో కోసి కింద పరిచింది పన, కొన్ని ఊళ్లల్ల మెద అంటరు. నెత్తిన మోయగలిగింది మోపు. అంతకు మించితే బండెడు, ఆపైన వాము.

ఇందుల మోపే మాయదారి కొలత. తాడు ఎంత పొడుగు, కట్టేటోడు మోకాలు వేసి ఎంత బిగించిండు, దాన్నిబట్టే మోపు. కల్లం కాడ పని చేసినోళ్లకు వడ్లతోపాటు ఒక మోపు గడ్డి ఇస్తమంటే, ఆ మోపు ఎవరు కట్టాలన్నదే పంచాయితీ! ఇచ్చేటోడు కడితే పిల్లగాడు మోస్తడు, తీసుకునేటోడు కడితే నెత్తికెత్తనీకి ఇద్దరు కావాలె. కూలి పైసలల్ల ఇచ్చినట్టు కాదది, బలమున్నోడి చేతిల ఉన్న లెక్క.

ఈ మాటలు ఊరికే పోలేదు, పంటతోపాటు పోయినయి. తెలంగాణల చెరువు కింద వరి, మెట్టల జొన్న. ఎడ్లకు జొన్న చొప్పే ఇష్టం. 1963ల పోచంపాడు కాడ శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు పునాదిరాయి పడ్డది. కాల్వ నీళ్లు అందిన ఊళ్లల్ల జొన్న చేన్లు మెల్లగ వరి మళ్లయినయి. చొప్ప పోయి వరిగడ్డి మిగిలింది. ఆ గడ్డి సుత పాతది కాదు. 1966ల ఐఆర్8 వచ్చినంక అన్నీ పొట్టి రకాలే, గింజ ఎక్కువ, గడ్డి కురచ. తర్వాత కోత మిషన్ వచ్చింది. కోసి పరిచేటోడే లేకుంటే మెద అన్న మాటతో ఎవరికి పని? ఇప్పుడు గడ్డిని ఇంకో మిషన్ చుట్టి దారం కట్టి పడేస్తది. కట్టకింత అని రేటు.

ఈ మాటలు పోతే పోనీ, నాము అన్న మాట మాత్రం పోవద్దు. జొన్న కోసినంక మోడుకు మళ్లా వచ్చే లేత పిలకే నాము. పచ్చగ కనవడితే గొడ్డు ఉరికిపోయి తింటది. దాంట్ల సైనైడ్ విషం. ఊపిరాడక, కాళ్లు కొట్టుకొని కాసేపట్లనే పానం పోతది. మన తాతలకు సైనైడ్ తెల్వదు. "అటు తోలకురా, నాముంది" అంటే పిల్లలు పసులను మళ్లేసేటోళ్లు.

ఇది ఎందుకు రాస్తున్నమంటే, మనల చాలామంది ఇక్కడి పైసలతో ఊళ్లె బర్లు కొని, పచ్చిమేతకని మళ్లా జొన్న వేయిస్తున్నరు. చూసుకునే పిల్లలకు నాము అంటే తెల్వదు. ఫోన్ చేసి చెప్పండి: మోకాలెత్తు లేత జొన్న, నీళ్లందక వాడిన జొన్న, మోడు పిలక వెయ్యొద్దు. పూత వచ్చినంకనే కోసి వెయ్యాలె. తిని తూలినట్టు కనవడితే ఆగకుండ పశువుల డాక్టర్ను పిలవాలె.

మీ దిక్కు నామును ఇంకేమన్న అంటే కింద రాయండి.