షాంఘై సందు ఇళ్ళు: కట్టడం - కాపురం

1. ఉపోద్ఘాతం:
షాంఘై అనగానే హువాంగ్‌పు నది ఒడ్డున బారులు తీరిన బ్యాంకు భవనాలు స్ఫురిస్తాయి. అయితే ఆ నగర సామాన్య జనజీవనం సాగింది ఆ భవనాలలో కాదు, వాటి వెనుక విస్తరించిన సందు ఇళ్ళలో. వీటిని ‘లిలోంగ్’ అంటారు. ఈ ఇళ్ళ చారిత్రక స్వభావాన్ని నిర్ణయించినది నిర్మాణ శైలి కన్నా, జనం వాటిని పంచుకున్న తీరేనని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఆవిర్భావం:
1842 నాటి నాన్‌జింగ్ సంధి ఫలితంగా 1843లో షాంఘై రేవు విదేశీ వర్తకానికి తెరచుకుంది. 1845 నాటి నిబంధనలు బ్రిటిషు నివాస ప్రాంతంలో చైనీయులకు ఇళ్ళు అద్దెకివ్వడాన్ని నిషేధించాయి. 1853లో ‘చిన్న కత్తుల సంఘం’ పాత నగరాన్ని ఆక్రమించింది. ఆ పైన తైపింగ్ యుద్ధం యాంగ్‌ట్సీ దిగువ ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. శరణార్థులు విదేశీ ప్రాంతాలలోకి తరలి రావడంతో నిషేధం నిలవలేదు. వర్తకులు చెక్కతో వరుస ఇళ్ళు కట్టించి అద్దెకిచ్చారు. అగ్నిప్రమాద భయం వల్ల, 1870ల నుండి ఇటుక గోడలు, కలప చట్రం గల ఇళ్ళు వాటి స్థానంలో వెలిశాయి. రాతి ద్వారబంధం, నల్లని జోడు తలుపులు గల ఈ ఇళ్ళకు ‘షికుమెన్’ అనే పేరు స్థిరపడింది. అంటే ఈ ఇల్లు పుట్టుకతోనే అద్దె సరుకు.

3. నిర్మాణం:
ఇళ్ళను వరుసగా, ఉమ్మడి గోడలతో కట్టడం ఐరోపా పద్ధతి. లోపలి అమరిక చైనా సంప్రదాయానిది. వాకిలి దాటగానే ‘తియాన్‌జింగ్’ అనే చిన్న ముంగిలి, దాని వెనుక నడిమి గది, ఆపై వంటిల్లు ఉండేవి. వంటింటి మీద, మెట్ల మలుపు దగ్గర, ఉత్తర ముఖంగా ఉండే ఇరుకు గది ‘తింగ్‌జిజియాన్’. వేసవిలో ఉక్కకు, శీతకాలంలో చలికి పేరుపడిన ఈ గదికి అద్దె తక్కువ.

4. పంపకం:
ఒక కుటుంబం కోసం కట్టిన ఇంట్లో క్రమంగా అనేక కుటుంబాలు చేరాయి. ఇల్లంతా అద్దెకు తీసుకొని గదులను మారు అద్దెకిచ్చే ‘రెండో యజమాని’ ఒక సామాజిక వర్గంగా ఏర్పడ్డాడు. నడిమి గదిని పలకలతో విడదీశారు. పైకప్పు కింద అటకలు కట్టారు. తింగ్‌జిజియాన్ పేద రచయితల ఆశ్రయమైంది. లూషున్ తన చివరి వ్యాస సంపుటాల పేరులో, ‘విదేశీ ప్రాంతం’ అనే చైనా పదంలోని రెండు లిపి సంకేతాలను సగానికి తుంచి, ఆ గది పేరులోని ‘తింగ్’ను జోడించాడు. సగం వలసగా మారిన నగరంపై ఆయన వ్యంగ్యం అది. 1949 నాటి ‘కాకులు, పిచ్చుకలు’ చలనచిత్రం ఇటువంటి ఒకే ఇంట్లోని పై అంతస్తుకు, కింది గదులకు నడుమ గల అధికార భేదాన్ని కథగా మలచింది.

5. పరిరక్షణ - సమస్య:
1921 జూలైలో చైనా కమ్యూనిస్టు పార్టీ తొలి మహాసభ ఒక షికుమెన్ ఇంట్లోనే ప్రారంభమైంది. ఆ ఇల్లు నేడు స్మారకం. దాని చెంతనే 2001లో ‘షిన్‌తియాన్‌ది’ వాణిజ్య ప్రాంతం వెలసింది. అక్కడ ద్వారాలు, వెలుపలి గోడలు మిగిలాయి. లోపల భోజనశాలలు, దుకాణాలు వచ్చాయి. నివాసులు వేరే చోట్లకు తరలిపోయారు. ఈ మార్పును కేవల నష్టంగా చూడడం సరికాదు. సొంత మరుగుదొడ్డి లేక, ప్రతి ఉదయం మలపాత్రను శుభ్రం చేసుకున్న కుటుంబాలకు ఆ ఇరుకు జ్ఞాపకం కాదు, కష్టం.

6. ముగింపు:
ఉమ్మడి వంటింట్లో ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క విద్యుత్ దీపం ఉండేది. ఎవరి దీపం ఖర్చు వారిదే. రాతి వాకిలి కట్టించినవాని ఉద్దేశాన్ని చెబితే, ఆ దీపాలు కాపురమున్నవారి చరిత్రను చెబుతాయి. ‘మూలరూపం’ పేరిట పలకలను, అటకలను, దీపాలను తొలగించే పునరుద్ధరణ, కట్టడాన్ని నిలిపి ఆధారాన్ని చెరిపివేస్తుంది. కనుక సామాన్య గృహాల చరిత్రకారులు మొదట నమోదు చేయవలసినవి ఆ తరువాతి చేర్పులనే.